నువ్వు అబ్బాయి కోసం చదివావు, ఆమె అమ్మాయి కోసం చదివింది

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది గుంటూరు. అట్లాంటా దగ్గర ఎంఎస్ చదువుతున్నాను. సెలవుల్లో ఒక ఇంగ్లీషు ప్రేమ నవల చదివాను. అమెరికా దక్షిణాదిలోని ఒక విశ్వవిద్యాలయంలో జరిగే కథ. స్కాలర్‌షిప్ మీద చదువుకునే నల్లజాతి అమ్మాయి, ఫుట్‌బాల్ జట్టులో ఆడే ధనవంతుల ఇంటి తెల్ల అబ్బాయి. అతను లెక్కల్లో తప్పుతుంటే ఆమె పాఠం చెబుతుంది, ప్రేమ పుడుతుంది. థాంక్స్‌గివింగ్ పండగకు అతను ఆమెను ఇంటికి తీసుకెళ్తే తల్లి అవమానిస్తుంది. అతను అందరి ముందూ తల్లిని నిలదీసి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేస్తాడు. చివరికి పెళ్లి. నిద్ర మానుకుని చదివాను, ఏడ్చాను కూడా.

నాతో గది పంచుకునే అమ్మాయి నల్లజాతి అమెరికన్. నాకు చాలా దగ్గరి స్నేహితురాలు. సంతోషంగా ఆ పుస్తకం ఆమెకు ఇచ్చాను. సగం చదివి తిరిగి ఇచ్చేసింది. "ఈ పిల్లకు తల్లి ఏదీ? స్నేహితురాళ్లు ఏరీ? దీని జుట్టు ఎవరు దువ్వుతున్నారు?" అంది. "ప్రేమకథే కదా, అంత ఆలోచన ఎందుకు" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. అప్పటినుంచి పుస్తకాల మాటే ఎత్తడం లేదు. ఇక్కడి తెలుగు స్నేహితులకు చెబితే "రంగు గొడవలు ఎప్పుడో పోయాయి, ఆమెదే అతి" అన్నారు. న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కూతురు "ఇలాంటివి చదివితే రేపు నువ్వూ ఎవణ్ణో తీసుకొస్తావు" అని మండిపడింది. మా తెలుగు విద్యార్థుల పత్రికకు ఈ నవల మీద సమీక్ష రాసి ఇచ్చాను, ఇంకా అచ్చు కాలేదు. దాన్ని వెనక్కి తీసుకోవాలా? ఆ పుస్తకం నచ్చడం నా తప్పా? నా స్నేహితురాలితో ఎలా మాట్లాడాలి?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

సమాధానం: అమ్మాయీ, ముందు నువ్వు అడిగినవాటికి సూటిగా జవాబు చెబుతాను, తర్వాత కారణాలు మాట్లాడుకుందాం. ఆ పుస్తకం నచ్చడంలో నీ తప్పేమీ లేదు. సమీక్షను వెనక్కి తీసుకోకు, తిరగరాయి. నీ స్నేహితురాలితో అన్న ఆ "ప్రేమకథే కదా" అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకో. ఆలస్యం చేయకు.

నీ ఉత్తరం అందాక ఆ నవల తెప్పించుకుని చదివాను. నీ స్నేహితురాలి ప్రశ్నల్లో చివరిది, జుట్టు గురించినది, చదువుతున్నంతసేపూ నన్ను వదలలేదు. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒకే గదిలో ఉంటున్నారు కాబట్టి ఆ జుట్టుకు ఎంత సేవ కావాలో నువ్వు చూసే ఉంటావు. తలంటుకున్న రోజు పాయలు పాయలుగా విడదీసి, నూనె రాసి, ఓపికగా చిక్కు తీయాలి. సన్నని జడలు అల్లించుకోవాలంటే గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. రాత్రి శాటిన్ టోపీ పెట్టుకోకుండా పడుకుంటే దిండు రాపిడికి జుట్టు పొడిబారి తెగుతుంది. చిన్నప్పుడు తల్లి మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని అల్లుతుంది. పెద్దయ్యాక అక్కో, స్నేహితురాలో, నమ్మకమైన సెలూన్‌లోని ఆవిడో అల్లుతుంది. కబుర్లు, తగవులు, పెళ్లి సంగతులు, చదువుల బెంగ అన్నీ ఆ కాసిన్ని గంటల్లోనే నడుస్తాయి.

ఈ నవలలో ఏం జరిగిందో చూడు. వాన పడే రాత్రి ఇద్దరూ స్టేడియం మెట్ల మీద తడుస్తారు. అబ్బాయి ఆమె జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమురుతాడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఏమీ జరగనట్టు తరగతికి వెళ్లిపోతుంది. ఆ పేజీ దగ్గర నువ్వు వానను చూశావు, ఆమె జుట్టును చూసింది. రాసినవారు ఈ అమ్మాయిని దగ్గరగా చూడలేదని ఆమెకు అక్కడే తెలిసిపోయింది. తల్లి, స్నేహితురాళ్లు, జుట్టు అని మూడు అడిగినట్టు ఉంది కానీ ఆమె అడిగింది ఒక్కటే: ఈ పిల్లకు తనదంటూ బతుకు ఉందా, లేక ఆ అబ్బాయి మంచితనం మనకు చూపించడానికే పుట్టిందా?

నీకు తెలిసిన చోటు నుంచి చెబుతాను. ఎవరో ఇంగ్లీషులో ఒక నవల రాశారనుకో. అందులో తెనాలి నుంచి వచ్చిన అమ్మాయి నాలుగేళ్లు హాస్టల్‌లో ఉంటుంది. ఒక్కసారి కూడా అమ్మ ఫోను చేసి "తిన్నావా" అని అడగదు. నాన్న ఫీజు గురించి, సంబంధాల గురించి ఒక్క మాట అనడు. పండగకు ఇల్లు గుర్తుకు రాదు. పేరు మాత్రం మన పేరే. ఆ నవలను ఎవరైనా నీకిచ్చి "ఎంత బాగుందో" అంటే నీకెలా ఉంటుంది? దాన్ని మూసేసి "ఈమె మాలో పిల్ల కాదు" అంటావు. నీ స్నేహితురాలు అన్నదీ అదే.

ఇంకొక సంగతి నన్ను ఇబ్బంది పెట్టింది. అమ్మాయి ఒంటి రంగు వచ్చిన ప్రతిచోటా చాక్లెట్, కాఫీ, బెల్లం పాకం. అబ్బాయి రంగుకు పోలికే లేదు. అతను మామూలు మనిషి, ఆమె తినుబండారం. ఇలాంటి వర్ణనలు చూసి విసిగిపోయామని నల్లజాతి పాఠకురాళ్లు ఎంతోకాలంగా చెబుతూనే ఉన్నారు. ఆమె నీతో ఆ మాట ఎత్తలేదంటే చెప్పి చెప్పి అలసిపోయిందేమో.

ఇక నీ సంగతి. నువ్వు ఏ పేజీ దగ్గర ఏడ్చావో ఉత్తరంలో రాయలేదు, కానీ ఊహించగలను. థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర అబ్బాయి తల్లికి ఎదురు చెప్పిన చోటే అయి ఉంటుంది. తెలుగింటి ఆడపిల్లకు ఆ సన్నివేశం గుండెకు తగలకుండా ఉండదు. మనకు పెళ్లంటే ముందు కులం, తర్వాత గోత్రం, తర్వాత కట్నం, ఆ తర్వాతే మనిషి. ప్రేమించినవాడు ఇంట్లో నోరు విప్పలేక "అమ్మ ఒప్పుకోవడం లేదు" అని తల దించుకున్న కథలు నీ స్నేహితురాళ్లలోనే ఎన్ని చూసి ఉంటావో. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు 2018లో మిర్యాలగూడలో పట్టపగలు, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే ఒక యువకుణ్ణి చంపించారు. నువ్వు అప్పటికి పెద్దపిల్లవే, గుర్తుండి ఉంటుంది. అలాంటి చోట పుట్టిన పిల్లకు, ఒక అబ్బాయి తన వాళ్లందరి ముందూ లేచి నిలబడటం కంటే గొప్ప కల ఏముంటుంది? ఆ నవలలో రంగు ఉన్న చోట నువ్వు కులాన్ని పెట్టుకుని చదివావు. నువ్వు ఎదురుచూసింది ఆ అబ్బాయి కోసం. ఆ కన్నీళ్లు నిజమైనవి, వాటిని చూసి సిగ్గుపడకు.

మనవాళ్లు గీత దాటిన ప్రేమను చదవడం కొత్తేమీ కాదు. చలం 'మైదానం' వచ్చి వందేళ్లు కావస్తోంది. భర్తను, బ్రాహ్మణ ఇంటిని వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన రాజేశ్వరిని పట్టుకుని తెలుగు పాఠకులు ఎంత తిట్టుకున్నారో, ఎంత ఆరాధించారో! ఇప్పటికీ ఆ వాదం తెగలేదు. కానీ అక్కడ కథ చెప్పేది రాజేశ్వరి. ఆమెను ఒప్పుకోనివాళ్లు కూడా ఆమె గొంతు వినక తప్పలేదు.

నీ నవలలో ఆ గొంతే లేదు. నీకు అంతగా నచ్చిన ఆ పండగ భోజనం సన్నివేశాన్ని మళ్లీ తీసి చదువు. తల్లి మాట అంటుంది. అబ్బాయి ఒక పేజీ నిండా మాట్లాడతాడు. తండ్రి దగ్గుతాడు, చెల్లెలు ఏడుస్తుంది. అమ్మాయి? ఒక్క వాక్యం లేదు. కళ్లలో నీళ్లు, వణికే చెయ్యి, అంతే. అవమానం జరిగింది ఆమెకు. ఆ రాత్రి ఆమె ఎవరికి ఫోను చేసింది? ఆ ఇంటికి కోడలిగా వెళ్లాలా వద్దా అని ఒక్క పూటైనా తటపటాయించిందా? అబ్బాయి ధైర్యం మన కళ్లకు నిండుగా కనిపించాలని ఆమె నోరు మూయించారు. నువ్వు అతని ధైర్యం చూసి ఏడ్చావు, నీ స్నేహితురాలు ఆమె మౌనం చూసి పుస్తకం మూసేసింది. ఇద్దరూ శ్రద్ధగానే చదివారు.

"రంగు గొడవలు ఎప్పుడో పోయాయి" అన్న నీ స్నేహితులకు మీరుంటున్న రాష్ట్రం కథే చెప్పు. అట్లాంటా నుంచి కారులో గంటన్నర వెళ్తే ఏథెన్స్ వస్తుంది, అక్కడ జార్జియా విశ్వవిద్యాలయం ఉంది. 1961 జనవరిలో కోర్టు ఉత్తర్వుతో అందులో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి విద్యార్థులు ఇద్దరు: షార్లేన్ హంటర్, హామిల్టన్ హోమ్స్. కొద్ది రోజులకే హంటర్ ఉండే హాస్టల్ ముందు గుంపు చేరి ఇటుకలు, సీసాలు విసిరింది. ఆ రాళ్ల మధ్య చదువుకున్న అమ్మాయి తోటి విద్యార్థి వాల్టర్ స్టోవాల్‌ను ప్రేమించింది. అతను తెల్లవాడు. 1963లో జార్జియా బయట రహస్యంగా పెళ్లి చేసుకున్నారు, ఎందుకంటే జార్జియాలో ఆ పెళ్లి నేరం. సంగతి బయటపడగానే రాష్ట్ర గవర్నరే బహిరంగంగా నిందించాడు. ఆ తర్వాత వాళ్లు విడిపోయారు, ఆమె అమెరికాలో పేరుమోసిన పాత్రికేయురాలైంది. "కాలేజీలో నల్లజాతి అమ్మాయి, తెల్ల అబ్బాయి" అన్నది వాళ్లకు నవల ఇతివృత్తం కాదు, కటకటాలు గుర్తుచేసే మాట.

అదే 1963లో దేశం అటు చివర కాలిఫోర్నియాలో ఇంకో విద్యార్థుల జంట పెళ్లి చేసుకుంది. మద్రాసు కుటుంబం నుంచి బర్కిలీకి చదువుకోవడానికి వచ్చిన శ్యామలా గోపాలన్, జమైకా నుంచి వచ్చిన డొనాల్డ్ హారిస్. వాళ్ల పెద్ద కూతురే కమలా హారిస్. వాళ్లను ఎవరూ అరెస్టు చేయలేదు. తెల్లవారు వేరే జాతివారిని పెళ్లాడకూడదన్న నిషేధాన్ని కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానం 1948లోనే కొట్టేసింది. అంతకుముందు అక్కడా ఇదే తంతు. వ్యవసాయ పనులకు వచ్చిన పంజాబీలు తెల్ల అమ్మాయిలను పెళ్లాడటానికి చట్టం అడ్డు. వాళ్లలో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లి చేసుకున్నారు, ఇద్దరి ఒంటి రంగూ ఒకటేనని గుమస్తా అనుకుంటే పెళ్లికి కావలసిన లైసెన్సు దొరికేది కాబట్టి. ఆ చట్టాలు మనవాళ్లను కూడా తాకాయన్న సంగతి మీ స్నేహితులకు తెలిసినట్టు లేదు.

వర్జీనియాలో జాతి దాటి పెళ్లి చేసుకున్నందుకు రిచర్డ్, మిల్డ్రెడ్ లవింగ్ దంపతులను 1958లో అర్ధరాత్రి పడకగదిలోకి చొరబడి అరెస్టు చేశారు. పాతికేళ్లు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకూడదన్న షరతు మీద ఏడాది జైలుశిక్షను నిలిపివేశారు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాలను రద్దు చేసేనాటికి 16 రాష్ట్రాల్లో అవి అమల్లో ఉన్నాయి, జార్జియా వాటిలో ఒకటి. దక్షిణ కెరొలైనాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం వేరే జాతివారితో విద్యార్థుల ప్రేమ వ్యవహారాలను 2000 సంవత్సరం దాకా నిషేధించింది. అలబామా రాజ్యాంగంలోంచి జాత్యంతర వివాహ నిషేధ వాక్యాన్ని తొలగించాలా వద్దా అని అదే 2000లో ఓటింగ్ పెడితే, తొలగించవద్దని దాదాపు 40 శాతం మంది ఓటేశారు. నల్ల, తెల్ల జాతుల మధ్య పెళ్లిళ్లను ఆమోదించే అమెరికన్లు గాలప్ సర్వే ప్రకారం 1958లో 4 శాతం, 2021లో 94 శాతం. ఎంతో గొప్ప మార్పు, సంతోషించాల్సిందే. అయితే ఆ 4 శాతం రోజుల్లో బతికిన అమ్మమ్మ నీ స్నేహితురాలి ఇంట్లో ఇంకా ఉండి ఉండవచ్చు. అందుకే "ప్రేమకథే కదా" అన్న మాట ఆమెకు అంత తేలిగ్గా వినిపించదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆమె అభిప్రాయాన్ని నల్లజాతి పాఠకురాళ్లందరి తీర్పుగా తీసుకోకు. ఆమె మీద ఆ బరువు పెట్టడం కూడా అన్యాయమే. ఇలాంటి నవలల్ని వెతికి వెతికి ఇష్టంగా చదివే నల్లజాతి స్త్రీలు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పే కారణం నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. కథల్లో తమలాంటి స్త్రీ ఎప్పుడూ కష్టపడుతుంది, భరిస్తుంది, నలుగురినీ మోస్తుంది. ఒక్క పుస్తకంలోనైనా ఆమెను ఎవరో ఆరాధించాలి, ఆమె కోసం తపించాలి, ఆమె చివరికి సుఖపడాలి అని వాళ్ల కోరిక. ఇంకొందరు అదే పుస్తకం చూసి, ఉద్ధరించేవాడు ప్రతిసారీ తెల్లవాడే ఎందుకు కావాలి, మా మగవాళ్లు ప్రేమకు పనికిరారా అని అడుగుతారు. మరికొందరికి జంట ఎవరన్నది సమస్యే కాదు, రాసింది ఎవరు, ఎంత తెలుసుకుని రాశారన్నదే ముఖ్యం.

ఆ చివరి పట్టింపు వెనక పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలు నల్లజాతి నాయికానాయకులతో ప్రేమ నవలలు వేయడం 1980 ప్రాంతంలో గానీ మొదలు కాలేదు. వాటికంటూ ఒక ప్రత్యేక శ్రేణి, అరబెస్క్, 1994లో వచ్చింది. ఆ తర్వాత కూడా దుకాణాల్లో వాటిని ప్రేమ నవలల అరలో కాకుండా విడిగా వేరే అరలో పెట్టేవారు. తెల్ల నాయిక ప్రేమ అందరిదీ, నల్ల నాయిక ప్రేమ ఆమె జాతిది మాత్రమే అన్నట్టు! రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం 1982 నుంచి పురస్కారాలు ఇస్తూ వచ్చింది. నల్లజాతి రచయిత్రులకు అవి మొదటిసారి దక్కింది 2019లో. ఆ ఏడాది చివర్లోనే జాతి వివక్షను విమర్శించిన ఒక రచయిత్రి మీద చర్య తీసుకోబోయి ఆ సంఘం అల్లకల్లోలమైంది, 2020 పురస్కారాలే రద్దయ్యాయి. ఇంతకాలం వాకిట్లో నిలబెట్టిన పాఠకులు, చివరికి తమ గురించి రాసిన పుస్తకం చేతికి వస్తే దాన్ని వేలుపెట్టి వాక్యం వాక్యం పరిశీలించడం అతి కాదు. మనకు అక్కర్లేని శ్రద్ధ వాళ్లకు అవసరమైంది.

మీ అక్క మాటకు వస్తాను. ఆమె భయం నాకు అర్థమవుతుంది, పరాయి దేశంలో చెల్లెలి మంచి కోరేది ఆమే. ఆమెతో పోట్లాడకు. కానీ ఒక ప్రశ్న నువ్వు ప్రశాంతంగా అడగవచ్చు: "అక్కా, ఈ నవలలో తెలుగు అమ్మాయి, తెల్ల అబ్బాయి ఉంటే ఇంతే కోపం వచ్చేదా? తెలుగు అమ్మాయి, నల్లజాతి అబ్బాయి అయితే ఎంత వచ్చేది?" తెల్ల అల్లుడు వస్తే కొన్నాళ్లు అలిగి, తర్వాత ఫోటోలు అందరికీ చూపించే ఇళ్లు మనలో ఉన్నాయి. అదే ఇళ్లలో నల్ల అల్లుడి మాట వస్తే మాటలే తెగిపోతాయి. ఆదివారం పేపరు తీసి వధూవరుల ప్రకటనలు చదివితే "తెల్లని, అందమైన అమ్మాయి కావలెను" అని ఎన్నిసార్లు కనిపిస్తుందో ఆమెకూ తెలుసు. నల్లగా పుట్టిన ఆడపిల్లకు శనగపిండి నలుగు పెట్టి పెట్టి చర్మం మండించిన అమ్మమ్మలు మనకు కొత్త కాదు. నీ స్నేహితురాలికి తగిలిన దెబ్బ ఎంత దూరం పోతుందో కొలవాలంటే మన ఇంటి కొలతలు కూడా తీసుకోవాలి. ఇది మీ సమీక్ష చదివే తెలుగు పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి.

సమీక్షను ఎలా తిరగరాయాలో చెబుతాను. నచ్చిన చోట్లను తీసేయకు. పండగ భోజనం సన్నివేశం నిన్ను ఎందుకు కదిలించిందో, దాన్ని నువ్వు ఏ బతుకులోంచి చదివావో దాచకుండా రాయి. సమీక్షలో చాలామంది ఎగ్గొట్టేది ఇదే. తర్వాత ఆ సన్నివేశంలో అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదని రాయి. వాన రాత్రి గురించి, చాక్లెట్ పోలికల గురించి రాయి. జార్జియా చట్టం గురించి రెండు వాక్యాలు చాలు, అది సమీక్ష కానీ చరిత్ర పాఠం కాదు. "ఈ పుస్తకం చదవవద్దు" అని రాయనక్కర్లేదు, "అద్భుతం" అని ముగించనూ వద్దు.

ఇక నీ స్నేహితురాలు. పెద్ద క్షమాపణ ఉపన్యాసం వద్దు, దానివల్ల నిన్ను ఓదార్చే పని కూడా ఆమె నెత్తిన పడుతుంది. "నువ్వు అడిగిన ప్రశ్నలకు నేను జవాబు చెప్పకుండా తోసేశాను, అది తప్పు. ఆ పేజీలు మళ్లీ చదివాను, నువ్వు చూసింది ఇప్పుడు నాకూ కనిపించింది" అని చెప్పు. అంతకుమించి ఆమె మాట్లాడితే విను, మాట్లాడకపోతే బలవంతపెట్టకు. ఆమె అలిసిపోయి ఉంటే ఆ హక్కు ఆమెకు ఉంది. కొన్నాళ్లు పోయాక, ఆమెకు నచ్చిన ప్రేమ నవల ఏదైనా ఉంటే ఇమ్మని అడుగు. అది నీకు నచ్చకపోయినా నచ్చిందని అనకు, ఎందుకు నచ్చలేదో చెప్పు. ఆమె నీ పుస్తకానికి చేసిన మర్యాద అదే.

సమీక్షలో ఆమె మాటలు వాడుకోవాలనుకుంటే ముందుగా అడుగు. నువ్వు తెలుగులో రాసింది ఆమెకు ఇంగ్లీషులో చదివి వినిపించు. పేరు వేయమంటే వేయి, వద్దంటే "ఒక స్నేహితురాలు" అని రాయి, అసలే వద్దంటే ఆ వాక్యాలు తీసేసి నీ సొంత మాటల్లో నువ్వు గమనించినదే రాయి. సంపాదకులకు ఈ రోజే కబురు పెట్టు, కొత్త ప్రతి పంపేదాకా పాతది అచ్చుకు ఇవ్వవద్దని.